కొండమీద బండియిండ్ల విడిది – పంచాయతీల కర్తవ్యము

కొండ ప్రాంతములలోని మన గ్రామములకు ఇటీవలి సంవత్సరములలో ఒక క్రొత్త తరహా యాత్రికులు వచ్చుచున్నారు. వీరు దైవదర్శనమునకో, బంధువుల ఇంటికో వచ్చువారు కారు. నలుగురైదుగురు మిత్రులు కూడి, కారులలో గుడారములు వేసికొని, లేదా పడకలును వంటసామగ్రియు అమర్చిన బండిని తెచ్చుకొని, ఇంటి పెంపుడు కుక్కను సైతము వెంటబెట్టుకొని కొండ నెత్తమునకు చేరుదురు. అచట ఒకటి రెండు రాత్రులు గడపి, తెల్లవారుజామున లోయలో పరచుకొనిన మబ్బులను, ఆ మబ్బులపై నుదయించు సూర్యుని చూచి మరలిపోవుదురు. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని వంజంగి, లంబసింగి, అరకు ప్రాంతములకు శీతకాలమున వచ్చువారిలో ఇట్టివారు పలువురు కలరు.

అతిథి వచ్చుట గ్రామమునకు శోభయే. కాని కొండపై గడపిన రాత్రికిని, కొండ దిగువన నున్న గ్రామము మరుసటి సంవత్సరమంతయు త్రాగు నీటికిని సన్నిహిత సంబంధము కలదు. కొండపై పారవేసినది కొండపైననే నిలిచియుండదు. తొలకరి వానతో అది గెడ్డలోనికి దిగును. గెడ్డనుండి ఊటబావికి, ఊటబావినుండి బిందెలోనికి వచ్చును. కావున ఈ విడుదుల విషయము పట్టణవాసుల వినోదమునకు మాత్రమే చెందినదని పంచాయతీ సభ్యులు ఉపేక్షింపరాదు. బండియిల్లనగా నేమి, అది ఎట్లు పనిచేయును, దానివలన గ్రామమునకు కలుగు లాభమేమి, కీడేమి, పంచాయతీ చేయదగినదేమి అను విషయములను ఇచట వివరింతుము.

బండియింటి పుట్టుక

ఇల్లు విడిచి, పరివారముతో, గుడారములతో దూరయాత్ర చేయుట మనకు క్రొత్త కాదు. 1830వ సంవత్సరమున ఏనుగుల వీరాస్వామయ్యగారు సుమారు నూరు మంది పరివారముతో చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరి, దారిలో శ్రీశైలము మున్నగు కొండక్షేత్రములను సేవించి, మరుసటి సంవత్సరమున తిరిగి వచ్చిరి. మన తాతలు జాతరలకు గూడుబండి కట్టుకొని పోవునపుడు బండిక్రింద కుక్క నడచివచ్చుటయు, చెట్టునీడన ఎడ్లను విప్పి వంట చేసికొనుటయు అందరెరిగినదే.

వినోదము కొరకే చక్రములపై ఇల్లు కట్టించుకొనిన వారిలో మొదటివాడుగా పేరొందినవాడు గోర్డన్ స్టేబుల్స్ అను స్కాట్లండు దేశీయుడు. ఆయన నౌకాదళమున వైద్యుడుగా పనిచేసి, పిదప రచయితయైనవాడు. 1885లో ఆయన కోరికపై బ్రిస్టల్ నగరమునందలి బండ్ల కర్మాగారమువారు ‘వాండరర్’ అను పెద్ద బండిని నిర్మించిరి. రెండు గుర్రములు లాగు ఆ బండిలో ఆయన ఒక బండివానిని, ఒక పరిచారకుని, ‘హరికేన్ బాబ్’ అను కుక్కను, ఒక పెంపుడు పక్షిని వెంటగొని, దక్షిణ ఇంగ్లండునుండి స్కాట్లండు కొండల మీదుగా ఇన్వర్‌నెస్ పట్టణమువరకు ప్రయాణము చేసెను. సుమారు 1,300 మైళ్ల ఆ యాత్రలో పరిచారకుడు మూడుచక్రముల సైకిలుపై ముందుగా పోయి, పెద్ద బండి వచ్చుచున్నదని ఎదురువచ్చువారిని హెచ్చరించుచుండెడివాడు. ఇరుకైన ఘాటు రోడ్డుపై మలుపులవద్ద ముందొక మనిషిని నడపుట నేటికిని మంచి పద్ధతియే.

మోటారు కారులు వచ్చిన పిమ్మట బండియింటిని కారు వెనుక తగిలించు పద్ధతి బలపడినది. అమెరికాలో 1930–40 దశాబ్దమున వాలీ బయమ్ అనునతడు అల్యూమినియము రేకులతో తేలికయైన ‘ఎయిర్‌స్ట్రీమ్’ ట్రైలరులను తయారుచేసెను. ఆ దేశమున కుటుంబములు, మిత్రబృందములు తమ పెంపుడు జంతువులతో సహా కొండలమీద, సరస్సుల ఒడ్డున ట్రైలరులు నిలుపుకొని సెలవులు గడపుట నేడు సాధారణమైన ఆచారము. మన దేశమున కారు వెనుక లాగు ట్రైలరు అరుదు. ఇంజనుతో కలిసియే యుండు కారవాను బండ్లే ఎక్కువ. కేరళ రాష్ట్రము 2021లో కారవాను యాత్రలకై ఒక విధానమును ప్రకటించినది. 2022లో ఇడుక్కి జిల్లాలోని వాగమన్ కొండలపై ఒక కారవాను విడిది ప్రారంభింపబడినది. మన కొండలకును ఇట్టి బండ్లు వచ్చుట సహజము గనుక ముందుగా తెలిసికొని యుండుట మేలు.

బండియిల్లు పనిచేయు విధము

బండియింటిలో పడకలు, గ్యాసు పొయ్యి, చేతులు కడుగు తొట్టి, కొన్నింటిలో మరుగుదొడ్డి యుండును. దీపములకు బ్యాటరీలు, పైకప్పుపై సౌరఫలకములు అమర్చబడును. నీటికి సంబంధించి మూడు విధములైన తొట్టెలుండును. మొదటిది మంచినీటి తొట్టె. రెండవది గిన్నెలు కడిగిన నీరు, స్నానపు నీరు చేరు వాడుకనీటి తొట్టె. మూడవది మరుగుదొడ్డి మలినము చేరు తొట్టె. ఈ మూడవ తొట్టె కొలది దినములలోనే నిండును. నిండినపుడు దానిని ఎచట ఖాళీ చేయుదురు అనునదే పంచాయతీ అడుగవలసిన మొదటి ప్రశ్న. ఆ తొట్టెలో దుర్వాసన రాకుండ పోయు కొన్ని మందులు సెప్టిక్ ట్యాంకులో మలినమును జీర్ణముచేయు సూక్ష్మజీవులను చంపును. కావున ఏ మందు వాడుచున్నారో తెలిసికొనక గ్రామములోని సెప్టిక్ ట్యాంకులలో దానిని వంపనీయరాదు.

కారు వెనుక తగిలించు ట్రైలరునకు బరువు సర్దుట ముఖ్యము. ట్రైలరు మొత్తము బరువులో నూటికి 10 నుండి 15 వంతులు కారునకు తగిలించు కొక్కెముపై పడవలెను. వెయ్యి కిలోల ట్రైలరైనచో 100 నుండి 150 కిలోలన్నమాట. వెనుకవైపు బరువెక్కువైనచో వేగము పెరిగినకొలది ట్రైలరు తోకవలె ఇటునటు ఊగి, కారును సైతము దారి తప్పించును. గూడుబండి వెనుక బరువెక్కువైన కాడి పైకి లేచునని మన రైతులకు తెలియును, ఇదియు అట్టిదే.

కొండదారిలో జాగ్రత్తలు

ఎత్తునకు పోయినకొలది గాలి పలుచబడును. టర్బో అమరిక లేని ఇంజనుకు వెయ్యి మీటర్ల ఎత్తున బలము సుమారు పదవ వంతు తగ్గును. బరువైన బండి ఎక్కుడులో ఆగిపోయినచో ఇరుకు రోడ్డుపై బస్సు, అంబులెన్సు కూడ ఆగిపోవును. దిగుడులో ప్రమాదము మరింత అధికము. అదేపనిగా బ్రేకు నొక్కిపట్టినచో బ్రేకులు వేడెక్కి పట్టు కోల్పోవును. ఎక్కినపుడు వాడిన తక్కువ గేరులోనే దిగుట, నడుమ నడుమ బండిని ఆపి బ్రేకులు చల్లారనిచ్చుట డ్రైవరు ధర్మము. నిలిపిన బండి చక్రములకు రాళ్లు గాని, కొయ్యదిమ్మెలు గాని అడ్డువేయక విడువరాదు.

టైరుల విషయములో ఒక సంఘటనను జ్ఞాపకముంచుకొనదగును. 2018వ సంవత్సరము జూలై 23వ తేదీన అమెరికాలోని ఉత్తర కాలిఫోర్నియాలో ఒక ట్రైలరు టైరు చెడి, చక్రపు ఇనుపకమ్మి రోడ్డును రాచుకొనుటచే నిప్పురవ్వలు లేచెను. రోడ్డు ప్రక్క ఎండుగడ్డికి అంటుకొనిన ఆ మంట 2,29,000 ఎకరములకు పైగా వ్యాపించి, వెయ్యికి పైగా ఇండ్లను దగ్ధముచేసి, ఎనిమిది మంది ప్రాణములను బలిగొనినది. ఎవరును కావలెనని ముట్టించిన నిప్పు కాదది. ఒక పాత టైరు, కొంత ఎండుగడ్డి కలిసినంతనే అంత ఘోరము జరిగినది. మన ఘాటు రోడ్ల ప్రక్క వేసవికి ముందే ఎండుగడ్డిని కోయించుట ఎంత అవసరమో దీనివలన తేటపడును.

నీరు: అసలు సమస్య

కొండపై ఊట ఎట్లు పుట్టునో మొదట గ్రహింపవలెను. నెత్తమునను, పైవాలులోను కురిసిన వాన మట్టిలోనికి, రాతి పగుళ్లలోనికి ఇంకి, మెల్లగా క్రిందికి దిగి, గట్టి రాతిపొర అడ్డుపడినచోట ఊటగా వెలువడును. అనగా ఊట కనబడు చోటు ఒకటి, ఊటకు నీరిచ్చు చోటు మరియొకటి. నీరిచ్చు ఆ చోటు తరచు కొండ నెత్తమే. చూచుటకు అందముగానున్న చదునైన నెత్తమును యాత్రికులు కోరుదురు. ఆ చదునే గ్రామపు నీటికి మూలము కావచ్చును.

పరిమాణమును కూడ లెక్కింతము. నిమిషమునకు 5 లీటర్ల నీరిచ్చు ఊట దినమునకు 7,200 లీటర్లిచ్చును. జల జీవన్ మిషన్ గ్రామీణులకు నిర్దేశించిన ప్రమాణము తలకు దినమునకు 55 లీటర్లు. ఆ లెక్కన ఈ ఊట సుమారు 130 మందికి చాలును. పది బండ్లలో బండికి నలుగురు చొప్పున నలువది మంది వచ్చి అదే ప్రమాణమున వాడుకొనినచో 2,200 లీటర్లు, అనగా మూడవ వంతునకు చేరువగా, వారికే పోవును. వేసవిలో ఊట సగమునకు తగ్గినపుడు ఆ నలువది మంది వాడుక ఊటలో సగమును మించును. ఆ దినమున బిందె పట్టుకొని నిలువవలసినది మన ఇంటి ఆడవారే. కావున ఎన్ని బండ్లు రావచ్చునను సంఖ్యను చూడవచ్చువారి ఉత్సాహమునుబట్టి గాక, మార్చి, ఏప్రిల్ మాసములలో ఊటను కొలిచి నిర్ణయింపవలెను. కొలుచుటకు యంత్రమేమియు అక్కరలేదు. పది లీటర్ల బకెట్టు, చేతిగడియారము చాలును. బకెట్టు రెండు నిమిషములలో నిండినచో ఊట నిమిషమునకు 5 లీటర్లు.

మలినము విషయమున కొండయాత్రికులకు పలు దేశములలో బోధింపబడు నియమమొకటి కలదు. మరుగుదొడ్డి లేనిచోట నీటివనరుకు 200 అడుగులకు, అనగా సుమారు 70 పెద్ద అంగల నడకకు, తక్కువ కాని దూరమున ఆరు నుండి ఎనిమిది అంగుళముల లోతు గుంట త్రవ్వి, పని ముగిసిన పిదప మట్టితో పూడ్చవలెను. ఇది ఒకరిద్దరు బాటసారులకు చెల్లును గాని, వారము వారము వందమంది దిగు స్థలమునకు చాలదు. అట్టిచోట పంచాయతీయే పురుషులకు, స్త్రీలకు వేరువేరుగా మరుగుదొడ్లు కట్టించి, ఊటకు ఎగువన గాక దిగువన సెప్టిక్ ట్యాంకు, ఇంకుడు గుంట ఏర్పరుపవలెను. గెడ్డలో సబ్బుతో గిన్నెలు తోముట, బట్టలుతుకుట పూర్తిగా నిషేధింపవలెను.

నిప్పు

చలికి నెగడు వేసికొనుట కొండవిడిదిలో అందరికి ప్రియమైనది. ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తునకు ఉష్ణోగ్రత సుమారు ఆరు డిగ్రీల చొప్పున తగ్గును. లంబసింగిలో కొన్ని శీతకాలపు వేకువలయందు అది సున్నా చేరువకు దిగును. చలి నిజమే గాని, ఫిబ్రవరినుండి తొలకరివరకు ఆకులు రాలిన అడవి చిన్న నిప్పురవ్వకై ఎదురుచూచుచున్నట్లే యుండును. రిజర్వు అడవిలో నిప్పు రగుల్చుట 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టము ప్రకారము నేరము. పంచాయతీ నిర్ణయించిన చోట, చుట్టు పది అడుగుల మేర గడ్డి, ఆకులు ఊడ్చి, రాళ్లు పేర్చిన గుంటలో మాత్రమే నెగడు వేయనీయవలెను. గాలి వీచు రాత్రులందు అదియు కూడదు. విడిచి పోవునపుడు నీళ్లు పోసి, కర్రతో కలియబెట్టి, మరల నీళ్లు పోసి, చేతి వెనుకభాగముతో తాకి చూడవలెను. చేయి పెట్టలేనంత వేడిగానున్నచో నిప్పు ఆరనట్లే. మట్టి కప్పినంతమాత్రమున నిప్పు చావదు. లోపల రాజుకొని మరునాడు పైకి వచ్చును.

బండిలోపల మరియొక ప్రమాదము కలదు. తలుపులు, కిటికీలు మూసికొని బొగ్గుల కుంపటి పెట్టుకొని నిద్రించినచో కార్బన్ మోనాక్సైడ్ అను విషవాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రించినవారు నిద్రలోనే మరణింతురు. గుడారములోను ఇదే ప్రమాదము. వంటగ్యాసు గాలికంటె బరువైనది గనుక కారినచో నేలమట్టమున పేరుకొనును. అందుచే బండి నేలభాగమున గాలి పోవు రంధ్రములను మూయరాదు. ఈ రెండు మాటలను విడిది బోర్డుపై పెద్ద అక్షరములతో వ్రాయించుట ప్రాణదానముతో సమానము.

ఉరుములు మెరుపులు గల వేళ కొండ శిఖరమున గాని, ఒంటరి చెట్టుక్రింద గాని, గుడారములో గాని ఉండరాదు. లోహపు పైకప్పు గల మూసిన వాహనములో లోహమును తాకక కూర్చుండుట మేలు. పిడుగుల కాలమైన ఏప్రిల్, మే మాసముల సాయంకాలములందు శిఖరమునకు అనుమతి నిరాకరించుటయే యుక్తము.

వెంట వచ్చు జంతువులు

యాత్రికుల పెంపుడు కుక్కలను గూర్చి మన గ్రామములలో అంత ఆలోచన లేదు. కాని ఇందు రెండు ప్రక్కల ప్రమాదము కలదు.

మొదటిది పిచ్చికుక్క వ్యాధి, అనగా రేబీస్. లక్షణములు కనబడిన పిదప దీనికి వైద్యము లేదు. ముందుగా నివారించుటయే మార్గము. 1885వ సంవత్సరము జూలై 6వ తేదీన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ పాశ్చర్ కుక్క కరచిన ఒక బాలునకు మొదటిసారి టీకా వేయించి కాపాడెను. ఆ జ్ఞాపకార్థము జూలై 6వ తేదీని జంతువులనుండి మనుష్యులకు సోకు వ్యాధుల నివారణ దినముగా పాటింతురు. ఒక ప్రాంతములోని కుక్కలలో నూటికి 70 వంతులకు టీకా వేసినచో అచట వ్యాధి వ్యాప్తి ఆగునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. కావున యాత్రికుల కుక్కకు టీకా ధ్రువపత్రము అడుగుటతోపాటు, మన ఊరి కుక్కలకును పశువైద్యశాలవారిచే టీకాలు వేయింపవలెను. మన ఇంటిని చక్కదిద్దుకొనక అతిథిని నిలదీయుట న్యాయము కాదు.

కుక్క కరచినచో పుండును వెంటనే సబ్బుతో, పారు నీటితో పదునైదు నిమిషములు కడుగవలెను. సున్నము, పసుపు, కారము, ఆకుపసరు పూయరాదు. ఆ దినముననే ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోయి టీకా ప్రారంభింపవలెను. గాయము లోతైనచో టీకాతోపాటు ఇమ్యూనోగ్లోబులిన్ అను మందును కూడ గాయమువద్ద ఇత్తురు. టీకాలన్నిటిని చెప్పిన దినములలో పూర్తిచేయవలెను, నడుమ మానరాదు.

రెండవది అడవి జంతువులకు కలుగు కీడు. 2018 సెప్టెంబరు, అక్టోబరు మాసములలో గుజరాతులోని గిర్ అడవిలో కొలది వారములలో ఇరువదికి పైగా సింహములు మరణించినవి. వాటిలో కొన్నిటియందు కుక్కలకు వచ్చు డిస్టెంపరు అను వ్యాధి సూక్ష్మక్రిమి కనబడినది. మనిషి వెంట అడవిలోనికి వచ్చిన వ్యాధి మృగరాజును సైతము విడువదన్నమాట. గొలుసు విప్పిన కుక్క మేకలను, కోళ్లను తరుముటయే గాక, పొదలోని ఎలుగుబంటిని రెచ్చగొట్టి, అది వెంటబడగా యజమాని వద్దకే పరుగెత్తి వచ్చును. అమెరికా జాతీయ వనములలో పెంపుడు కుక్కకు ఆరు అడుగులకు మించని పట్టుతాడు ఉండవలెనని నియమము. మన విడుదులలోను ఆ నియమము తగినదే. ఎండలో నిలిపిన బండిలో కుక్కను బంధించి పోరాదు. కొలది నిమిషములలోనే లోపలి వేడి ప్రాణాంతకమగును.

తిండి విడుచుట మరియొక దోషము. అమెరికాలోని ఎల్లోస్టోన్ జాతీయ వనమున హోటళ్ల ఎంగిలిని గుంటలలో వేయగా ఎలుగుబంట్లు దానికి అలవాటుపడినవి. 1970లో ఆ గుంటలను మూసివేసిన పిమ్మట అనేక ఎలుగులు విడుదులపై బడి, మనుష్యుల రక్షణకై చంపబడినవి. తిండి పెట్టిన చేయియే చివరకు ఆ జంతువులకు మృత్యువైనది. మన కొండలపై కోతులకు బిస్కత్తులు వేయువారికి ఈ సంగతి చెప్పవలెను. కోతి నేడు చేతిలోనిది తీసికొనును. రేపు పిల్లవాని చేతినుండి లాగికొనును. ఎల్లుండి చేనులో దిగును.

భూమి, హక్కు, ఆదాయము

విడిదికి స్థలము చూపుటకు ముందు అది ఎవరి భూమియో తేల్చుకొనవలెను. రిజర్వు అడవియైనచో అటవీశాఖ అనుమతి లేనిదే ఎవరును విడిది పెట్టరాదు. పంచాయతీకి అచట అనుమతినిచ్చు అధికారము లేదు. షెడ్యూలు ప్రాంతములలో 1970 సంవత్సరపు 1వ రెగ్యులేషను వలన గిరిజనుల భూమిని గిరిజనేతరులకు బదిలీ చేయుట చెల్లదు. అమ్మకమే గాక కౌలు సైతము బదిలీయే. “కొండమీది రెండెకరములు పదేండ్లకు కౌలుకిమ్ము, విడిది కట్టుకొందును” అని బయటివారు వచ్చినపుడు సంతకము పెట్టుటకు ముందు సభ్యులు ఆ గిరిజన సోదరునికి ఈ సంగతి తెలుపవలెను. నాలుగు కాగితపు నోట్లకు ఆశపడి తాతలనాటి నేలను పోగొట్టుకొనిన పిదప విలపించి లాభము లేదు.

గ్రామసభకు ఈ విషయమున బలమైన ఆధారములున్నవి. 1996 సంవత్సరపు పంచాయతీల విస్తరణ చట్టము, అనగా పెసా, షెడ్యూలు ప్రాంతములలో గ్రామసమాజపు వనరులను కాపాడుకొను అధికారమును గ్రామసభకు ఒసగినది. 2006 నాటి అటవీ హక్కుల చట్టము పరీవాహక ప్రాంతములను, నీటివనరులను కాపాడు బాధ్యతను హక్కుదారులపైనను, గ్రామసభపైనను ఉంచినది. కావున ఊట తలమీద విడిది వలదని గ్రామసభ తీర్మానించుట యాత్రికులపై ద్వేషము కాదు. చట్టము అప్పగించిన బాధ్యతను నెరవేర్చుటయే.

లాభమును కూడ తక్కువగా చూడరాదు. విడిది రుసుము, బండి నిలుపు రుసుము పంచాయతీకి రాబడి యగును. మహిళా స్వయం సహాయక సంఘములు రాగి జావ, వేడి అన్నము, మన కొండకాఫీ అమ్ముకొనవచ్చును. దారి తెలిసిన యువకులు మార్గదర్శకులుగా పనిచేయవచ్చును. ఎత్తున నీరు తక్కువ వేడిమికే మరుగును. ప్రతి 300 మీటర్లకు సుమారు ఒక డిగ్రీ తగ్గును. అందుచే కొండపై అన్నము ఉడుకుటకు ఎక్కువసేపు పట్టి కట్టెలు ఎక్కువ వ్యయమగును. గ్రామముననే వండి పంపినచో కట్టెలును మిగులును, నెగళ్లును తగ్గును, నలుగురికి కూలియు దొరకును. అయితే రుసుము నిర్ణయించునపుడు ముందుగా చెత్త మోయించుటకు, మరుగుదొడ్లు శుభ్రపరచుటకు అగు ఖర్చు లెక్కగట్టవలెను. ఆ ఖర్చునకు చాలని రుసుము ఆదాయము కాదు, అప్పు.

గ్రామసభ ఆమోదింపదగిన నియమములు

ఈ క్రింది నియమములను స్థానిక పరిస్థితులకు అనుగుణముగా మార్చి, జిల్లా పంచాయతీ అధికారిని, అటవీ అధికారిని సంప్రదించి, తీర్మానముగా చేసి, కొండ మొదట బోర్డుపై వ్రాయించుట మంచిది.

1. ప్రతి బృందము పేర్లు, బండి నంబరు, మనుష్యుల సంఖ్య, తిరిగిపోవు దినము గ్రామమున పుస్తకములో వ్రాయింపవలెను.

2. వేసవి ఊటను కొలిచి నిర్ణయించిన సంఖ్యకు మించి బండ్లను అనుమతింపరాదు.

3. ఊటకు ఎగువన విడిది, మరుగుదొడ్డి, గిన్నెలు కడుగుట నిషిద్ధము.

4. మరుగుదొడ్డి తొట్టెను కొండపై ఖాళీ చేయరాదు.

5. ఒక్కసారి వాడి పారవేయు ప్లాస్టిక్ వస్తువులలో గుర్తింపబడిన కొన్ని 2022 జూలై 1వ తేదీనుండి దేశమంతట నిషేధింపబడినవి. మిగిలిన చెత్తను సంచిలో క్రిందికి తెచ్చి చూపినవారికే వారు కట్టిన పూచీసొమ్ము తిరిగి యియ్యబడును.

6. నిర్ణీతమైన గుంటలో తప్ప నిప్పు కూడదు. ఎండకాలమున అసలే కూడదు.

7. టీకా ధ్రువపత్రము లేని కుక్కకు, పట్టుతాడు లేని కుక్కకు ప్రవేశము లేదు. దాని మలమును యజమానియే ఎత్తి సంచిలో వేయవలెను.

8. రాత్రివేళ లౌడుస్పీకర్లు, టపాకాయలు, మద్యము నిషిద్ధములు.

9. అగ్నిప్రమాదమునకు 101, అంబులెన్సుకు 108, ఇతర అత్యవసరములకు 112 అను నంబర్లు బోర్డుపై ఉండవలెను. కొండపై ఫోను పనిచేయు చోటు ఏదో గుర్తు పెట్టి చూపవలెను.

నియమములు వ్రాయుట సులభము, అమలు జరుపుట కష్టము. అందుకై కొండ మొదట ఒక మనిషి ఉండవలెను. ఆ మనిషి గ్రామమువాడే కావలెను, అతనికి జీతము రుసుమునుండియే రావలెను. రసీదు లేక పైకము తీసికొనరాదు. నెలకొకసారి జమాఖర్చులను గ్రామసభలో చదివి వినిపింపవలెను. లెక్క బయట చెప్పబడినంతకాలము గ్రామస్థులు ఆ విడిదిని తమదిగా భావింతురు. లెక్క మరుగుపడిన దినముననే తగవు ప్రారంభమగును.

సభ్యులు నేడే చేయదగిన పని యొకటి కలదు. ఈ మాసపు సమావేశమునకు ముందు ఊరిలోని పెద్దలను ఇద్దరిని వెంటగొని కొండకు పోయి, గ్రామమునకు నీరిచ్చు ఊటలు ఎన్నో, వాటికి పైన నున్న చదునులేవో చూచి, గ్రామ పటములో ఎర్రసిరాతో గుర్తింపుడు. ఆ గుర్తులు వేసిన పిదప విడిదికి మిగిలిన చోటు ఎంతయో తేలిపోవును. ఆ చోటు చిన్నదైనను, అచటికి వచ్చు అతిథిని సంతోషముతో ఆహ్వానింపవచ్చును. అతడు మబ్బులను చూచి ఆనందించి పోవును; మన బిడ్డలు అదే కొండ నీటిని నిర్భయముగా త్రాగుదురు.